ప్రహసనం పుట్టింది పత్రికలోనే: సంపాదకుడు వీరేశలింగం, వాడుక భాష

కందుకూరి వీరేశలింగం గురించి రాసినవాళ్ళకు తెలుగులో కొదవ లేదు. వితంతు వివాహాల పంతులు, స్త్రీవిద్య పంతులు, గద్యతిక్కన, నవలాకారుడు, కవుల చరిత్రకారుడు, స్వీయచరిత్రకారుడు: ప్రతి పేరు మీదా సిద్ధాంత గ్రంథాలున్నాయి. ఇన్ని పేర్ల కింద ఒక పని మరుగున పడింది. ఆయన పత్రికా సంపాదకుడు. 1874 అక్టోబరులో వివేకవర్ధని మొదలుపెట్టేనాటికి ఆయనకు ఇరవై ఆరేళ్ళు. ధవళేశ్వరంలో బడి పంతులుగా ఉంటూ, పత్రికను చెన్నపట్నంలో అచ్చువేయించి తెచ్చుకునేవాడు. ఆ తర్వాతి ఏళ్ళలో ఆయన చేసిన రచనలో చాలా భాగం పత్రిక కోసం, పత్రిక అవసరం మీద, పత్రిక పాఠకుణ్ణి ఎదురుగా పెట్టుకుని చేసిందే. ఆయన నవల రాజశేఖర చరిత్రము కూడా ముందు వివేకవర్ధనిలో వచ్చి తర్వాతే పుస్తకమైంది.

మన విమర్శకులు ఈ విషయాన్ని జీవితచరిత్రలో ఒక తేదీగా చెప్పి దాటిపోతారు. దానివల్ల జరిగిన నష్టం చిన్నది కాదు. సంపుటాలు వేసేటప్పుడు ప్రహసనాలన్నిటినీ ఒకచోట చేర్చారు. చేర్చినవారి శ్రద్ధకు నమస్కారం. కానీ ఒక ప్రహసనం ఏ సంచికలో, ఏ వార్త పక్కన, ఏ ఉత్తరానికి జవాబుగా వచ్చిందో ఆ కూర్పులో పోయింది. పత్రికలోంచి ఊడదీసిన ప్రహసనం నాటకమై కూర్చుంది. నాటకం కాగానే దానికి భరతుడి కొలతలు వేశారు. సంధులు లేవన్నారు, పాత్రపోషణ పలుచన అన్నారు. పత్రికా రచనను కొలవాల్సిన కొలత అది కాదు.

నాకు ఈ అనుమానం గ్రంథాలయంలో కలగలేదు. విశాఖపట్నం సీతమ్మధారలో రిటైరైన పోర్టు ఉద్యోగులు, స్టీలు ప్లాంటువాళ్ళు, ఒకరిద్దరు బడి పంతుళ్ళు సాయంత్రాలు కలిసి చదువుకునే కూటమి ఒకటి ఉంది. అక్కడ రాజశేఖర చరిత్రము మొదటి ప్రకరణం చదివినప్పుడు మర్యాదగా విన్నారు. నేను ఆగి వివరించాల్సిన చోట్లు చాలా వచ్చాయి. తర్వాత ఆయన ప్రహసనం వ్యవహార ధర్మబోధిని తీశాను. వకీలు, కక్షిదారు, తర్ఫీదు పొందిన సాక్షి నోళ్ళు విప్పగానే వినేవాళ్ళ ముఖాలు మారాయి. వివరణ ఎవరూ అడగలేదు. కోర్టు గుమస్తాగా పనిచేసిన ఒకాయన ఉండబట్టలేక, ‘ఇప్పటికీ ఇంతేనండీ మాస్టారూ, ఏం మారిందని?’ అన్నారు. ఒకే రచయిత ఒకే దశాబ్దంలో రాసిన రెండు పుస్తకాల మధ్య ఇంత దూరం ఎక్కడినుంచి వచ్చింది? ఈ వ్యాసానికి మూలం ఆ ప్రశ్న.

జవాబు కొక్కొండ వెంకటరత్నం పంతులుతో జరిగిన తగువులో ఉంది. కొక్కొండవారు 1871 నుంచి చెన్నపట్నంలో ఆంధ్రభాషా సంజీవని నడిపారు. సంప్రదాయం వైపు గట్టిగా నిలబడ్డ పండితుడు. స్త్రీవిద్య మీద ఆయనకూ వీరేశలింగానికీ వాదం వివేకవర్ధని పుట్టకముందే మొదలైంది. వీరేశలింగం జవాబులు బందరు పత్రిక పురుషార్థ ప్రదాయినిలో వచ్చేవి. పంచతంత్రం దగ్గరా ఇద్దరికీ పోటీయే. చిన్నయసూరి మిత్రలాభం, మిత్రభేదం చేసి వదిలిన చోటునుంచి ఇద్దరూ విగ్రహం రాశారు. అక్కడ మాత్రం ఇద్దరి భాషా ఒకటే. సూరి గీసిన గీత దాటకుండా, ఎవరు ఎంత బిగువుగా రాయగలరో చూపించుకున్నారు. అప్పటికి వీరేశలింగం నిరోష్ఠ్య కావ్యం రాసిన మనిషి. పెదవులు తగలని అక్షరాలతో కావ్యం అల్లగలిగిన పండితుడికి పెదవి మీద ఆడే భాషతో ఏం పని?

ఆ పని పత్రికల తగువు కల్పించింది. కొక్కొండవారు తమ సంజీవనికి తోడుగా హాస్యవర్ధని తెచ్చి వివేకవర్ధనిని వేళాకోళం పట్టించారు. దానికి జవాబుగా వీరేశలింగం 1876లో వివేకవర్ధనికి అనుబంధంగా హాస్య సంజీవని మొదలుపెట్టాడు. ఆయన ఈయన పత్రిక పేరులోని వర్ధనిని తీసుకుంటే, ఈయన ఆయన పత్రిక పేరులోని సంజీవనిని తీసుకున్నాడు. ఇక్కడ ఒక్క క్షణం ఆగి చూడాలి. పాండిత్యంలో కొక్కొండవారిని మించడం కష్టం. ఆ తర్వాతి కాలంలో మహామహోపాధ్యాయ బిరుదు పొందినవారు ఆయన. గ్రాంథికంలో ఎంత పదునుగా తిట్టినా అది ఆయన ఇంటి ఆటే అవుతుంది. గెలవాలంటే పందెం మరో చోటికి మార్చాలి. చందాదారు ఇంట్లో పత్రిక చదివి వినిపిస్తుంటే, చదువురానివాళ్ళు కూడా విని నవ్వే చోటికి మార్చాలి. హాస్య సంజీవనిలో ఆయన చేసింది అదే.

బ్రాహ్మవివాహం ఆ అనుబంధంలో వచ్చిందే. జనం దాన్ని పెద్దయ్యగారి పెళ్ళి అన్నారు. కాటికి కాళ్ళు చాచిన వయసులో డబ్బు పోసి పసిపిల్లను పెళ్ళాడే పెద్దమనిషి కథ. విమర్శకులు కథాంశం చెప్పి, కన్యాశుల్కాన్ని ఖండించిందని రాసి ముగిస్తారు. ఖండన వ్యాసాల్లోనూ ఉంది, ఉపన్యాసాల్లోనూ ఉంది. ప్రహసనంలో కొత్తది ఖండన కాదు. అందులో బ్రాహ్మణ గృహస్థులే ఇంట్లో మాట్లాడుకునే భాషలో మాట్లాడతారు. పిల్ల ధర గురించి మాట్లాడేటప్పుడు గ్రాంథికం పనికిరాదు. బేరానికి ఒక లయ ఉంటుంది. మాట మధ్యలో ఆపడం, బంధుత్వాన్ని తడమడం, శాస్త్రం ఎత్తడం, వెంటనే రూపాయిల్లోకి దిగడం ఆ లయలో భాగాలు. వ్యాసంలో రచయిత ‘ఇది అమ్మకం’ అని చెప్పాలి. ప్రహసనంలో అమ్మేవాడి నోటే ఆ మాట బయటపడుతుంది. పత్రికలో వార్త రాసి రాసి అలవాటైన చెవి మాత్రమే దాన్ని పట్టుకోగలదు.

వార్త అన్నది ఇక్కడ ముఖ్యం. వివేకవర్ధని గోదావరి జిల్లాలో కోర్టుల లంచాలను, అధికారుల అక్రమాలను బయటపెట్టిన పత్రిక. ఆ రాతలవల్ల ఆయనకు శత్రువులు పెరిగారు. వ్యవహార ధర్మబోధిని ఆ వార్తల పక్కనుంచి నడిచి వచ్చిన రచన. 1880లో ఆయన శిష్యులు రాజమహేంద్రవరంలో దాన్ని ఆడారు. మన నాటకరంగ చరిత్రలో ఈ ప్రదర్శనకు ప్రత్యేక స్థానం ఇస్తారు, న్యాయమే. కానీ ప్లీడరు నాటకం అని ఊరు దానికి పేరు పెట్టడంలోనే పత్రికా పాఠకుడు కనిపిస్తాడు. ఊళ్ళోవాళ్ళు అందులో వకీలు జాతిని చూడలేదు, తమకు తెలిసిన వకీళ్ళను చూశారు. మహావంచక ప్రహసనం, అపూర్వ బ్రహ్మచర్య ప్రహసనం, కలిపురుష శనైశ్చర విలాసం, ప్రబంధ ధోరణిని ఎగతాళి చేసిన అభాగ్యోపాఖ్యానం, స్విఫ్టు గలివరు యాత్రలను ఆధారం చేసుకున్న సత్యరాజా పూర్వదేశ యాత్రలు అన్నీ ఈ సంపాదకుడి చెవిలోంచి వచ్చినవే.

పూర్వ పరిశోధకుల్లో నేను ముఖ్యంగా విభేదించేది వెల్చేరు నారాయణరావుగారితో. శ్రీకాకుళం గడ్డ మీద పుట్టి, విస్కాన్సిన్‌లో తెలుగు సాహిత్యానికి పీఠం వేసిన ఆయన పాండిత్యం ముందు మనమంతా విద్యార్థులమే. గురజాడ నాటకం కన్యాశుల్కానికి ఆయన చేసిన ఇంగ్లీషు అనువాదం ‘గర్ల్స్ ఫర్ సేల్’ 2007లో వచ్చింది. దాని చివర జోడించిన దీర్ఘ వ్యాసంలో ఆయన గురజాడను వలస ఆధునికతకు లొంగని ఆధునికుడిగా నిలబెట్టారు. కన్యాశుల్కాన్ని సంఘసంస్కరణ నాటకంగా చదవడం పొరపాటన్నారు. ఆ మాట నేను ఒప్పుకుంటాను. ఒప్పుకోలేనిది దాని మరో కొస. గురజాడను అలా ఎత్తి నిలబెట్టడానికి వీరేశలింగాన్ని వలస ఆధునికతకు ప్రతినిధిగా, ఇంగ్లీషు నీతిని తెలుగులో బోధించిన పంతులుగా కుదించాల్సి వచ్చింది. ఉపన్యాసాల వీరేశలింగం విషయంలో అది కొంత నిజం కావచ్చు. పెద్దయ్యగారి నోట మాట పెట్టిన వీరేశలింగం ఏ మిషనరీ దగ్గర నేర్చుకున్నాడు? అది రాజమహేంద్రవరం అరుగుల మీద దొరికిన విద్య.

కన్యాశుల్కం విజయనగరంలో మొదట ఆడింది 1892లో, అచ్చయింది 1897లో. హాస్య సంజీవని ఆ మొదటి ప్రదర్శనకు పదహారేళ్ళు ముందుది. ఆ పదహారేళ్ళలో తెలుగు చదివే ఇళ్ళల్లో ఒక కొత్త అలవాటు పడింది. బ్రాహ్మణ ఇంటి మాటను అచ్చులో చూసి, అది తప్పు అనుకోకుండా నవ్వే అలవాటు. గిరీశం రంగం మీదికి వచ్చేసరికి ప్రేక్షకుడు సిద్ధంగా ఉన్నాడు. సిద్ధం చేసింది ఎవరు? ఈ ప్రశ్నకు వెల్చేరు వాదంలో జవాబు లేదు.

నా వాదానికి అభ్యంతరాలు లేకపోలేదు. నాటకంలో కొన్ని పాత్రలకు వేరే భాష పెట్టడం సంస్కృత సంప్రదాయమే అనవచ్చు. ఏనుగుల వీరాస్వామి కాశీయాత్ర చరిత్ర 1838లోనే వాడుక మాటతో అచ్చయిందనీ అనవచ్చు. మొదటిదానికి బ్రాహ్మవివాహంలో ఇంటి మాటే మాట్లాడే బ్రాహ్మణ పెద్దమనుషులే సమాధానం. రెండోది ఒంటరి పుస్తకం, పాఠకుణ్ణి మళ్ళీ మళ్ళీ పలకరించే పత్రిక కాదు.

వ్యావహారిక భాషోద్యమ చరిత్రను మనం సాధారణంగా 1906 తర్వాత నుంచి మొదలుపెడతాం. పాఠశాలల తనిఖీ అధికారి యేట్సు, విశాఖపట్నం ఏవీఎన్ కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, పర్లాకిమిడి నుంచి గిడుగు, విజయనగరం నుంచి గురజాడ: ఉత్తరాంధ్రవాళ్ళం గర్వంగా చెప్పుకునే నలుగురు. ఆ గర్వం నాకూ ఉంది. అయితే 1919 ఫిబ్రవరిలో రాజమహేంద్రవరంలో వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడినప్పుడు అధ్యక్షుడు వీరేశలింగమే. మూడు నెలలకు, మే 27న చెన్నపట్నంలో కన్నుమూశాడు. ఆ అధ్యక్షతను ముసలితనంలో వచ్చిన మనసు మార్పుగా రాస్తున్నారు. మారింది ఆయన సిద్ధాంతం మాత్రమే. ఆయన కలం ఆ పని నలభై మూడేళ్ళ కిందటే చేసింది. వ్యాకరణం రాసిన పండితుడు ఒప్పుకోవడానికి సిగ్గుపడ్డ సంగతిని హాస్యం రాసిన సంపాదకుడు ముందే కనుక్కున్నాడు.

ఇంకొక్క అడుగు వేస్తాను. విశాఖ కోర్టులో నల్లకోటు వేసుకున్న రావిశాస్త్రి ఆరు సారా కథల్లో సాక్షుల చేత, జవాన్ల చేత, సారా అమ్మేవాళ్ళ చేత మాట్లాడించిన తీరుకు పెద్ద తాత ప్లీడరు నాటకమే. 1974 ఆగస్టు 10న ఈనాడు మొదటి సంచిక ఈ సీతమ్మధారనుంచే వెలువడింది. వివేకవర్ధని పుట్టి అప్పటికి నూరేళ్ళు నిండవస్తున్నాయి. ఊరి వార్తను ఊరి మాటకు దగ్గరగా రాసి పొద్దున్నే గుమ్మంలో వేయడం తెలుగు పత్రికకు ఆ రోజు కొత్తగా అబ్బిన గుణం కాదు. దాని మూలం 1876 నాటి అనుబంధంలో ఉంది. తెలుగు పత్రికా భాషకు తొలి గురువు గిడుగు కాదు, గురజాడ కాదు. హాస్య సంజీవని సంపాదకుడే.

అందుకే నా కోరిక ఒక్కటే. ప్రహసనాల సంపుటాలు ఉన్నాయి, చాలు. ఇక కావాల్సింది వివేకవర్ధని, హాస్య సంజీవని సంచికలను వార్తలతో, ఉత్తరాలతో, ప్రకటనలతో సహా, వచ్చినవి వచ్చినట్టే వరుసగా అచ్చువేయడం. వాటి పక్కన కొక్కొండవారి హాస్యవర్ధనిని కూడా వేయాలి. తగువులో ఒకరి గొంతే వింటే న్యాయం కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం తెలుగు శాఖ గానీ, రాజమహేంద్రవరంలో వీరేశలింగం పేరు మీద పనిచేస్తున్నవారు గానీ ఈ పనికి పూనుకోవాలి. ఎవరి ఇంట్లోనైనా, ఏ పాత గ్రంథాలయం అటకమీదైనా ఆ సంచికలు ఉంటే దయచేసి పరిశోధకుల చేతికి అందేలా చూడండి.