కాలిబంతి ఆటలో బదిలీయు శిక్షణయు

సూర్యాపేటలోగాని, కోదాడలోగాని, మిర్యాలగూడలోగాని సాయంకాలమున పడుచువాండ్రు నలుగురు కూడినచోట ఈ కాలమున ఒక వాదము వినబడుచుండును. ఐరోపాలోని ఏ ఫుట్‌బాల్ జట్టు ఏ ఆటగానిని కొనవలెను, ఎవనికి ఎంత ధర పెట్టవచ్చును, క్రొత్తవానిని కొనుటకంటె ఉన్నవానినే మంచి శిక్షకుని చేతికిచ్చి బాగుచేసికొనరాదా అనునదియే ఆ వాదము. 2017వ సంవత్సరమున నేమారు అను బ్రెజిలు దేశపు ఆటగానికై పారిసు నగరపు జట్టు బార్సిలోనా జట్టునకు 22 కోట్ల 20 లక్షల యూరోలు చెల్లించినది. ఇది విని, ఎడ్ల అంగడిలో బేరమువలె నున్నదే యని మీరు నవ్వవచ్చును. కాని 2014లో ప్రారంభమైన ప్రో కబడ్డీ పోటీలలో మన చెడుగుడు ఆటగాండ్రను సైతము వేలమునకు పెట్టి కొనుచున్నారు. కావున ఇది దూరదేశపు ముచ్చట మాత్రమే కాదు.

ఈ వాదము క్రొత్తదియు కాదు. మన హైదరాబాదు నగరము ఇందలి రెండు పక్షములను డెబ్బది యేండ్ల క్రిందటనే అనుభవించి చూచినది. అచట ఒక బడిపంతులు ఆటగాండ్రను తయారుచేసెను. కలకత్తా జట్లు వారిని పిలిచికొనిపోయెను. ఆ కథను మొదటినుండి చెప్పుకొన్నచో నేటి పడుచువాండ్ర తగవునకు తీర్పు దానంతట అదియే దొరకును.

1950వ సంవత్సరమును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. అప్పుడు నల్లగొండ జిల్లా హైదరాబాదు రాష్ట్రములోనిది. సూర్యాపేట, హుజూరునగరము, మిర్యాలగూడ తాలూకాలలో రైతాంగ పోరాటము ఇంకను చల్లారలేదు. పోలీసు అను మాటయే మన పల్లెలకు భయమును పుట్టించుచుండెడి దినములవి. ఆ యేడే హైదరాబాదు నగర పోలీసుల కాలిబంతి జట్టు దేశమంతట పేరు పొందెను. ఢిల్లీలో జరిగిన డ్యూరండు కప్పు పోటీలో కలకత్తాకు చెందిన మోహన బగాను జట్టును ఓడించి విజయము పొందెను. బొంబాయిలో జరుగు రోవర్సు కప్పును 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదుసార్లు గెలిచెను. చరిత్ర యనునది ఒక్క ముఖముతో కనబడదు. ఒకచోట లాఠీగా కనబడిన శాఖయే మరియొకచోట బీదపిల్లవానికి ఉద్యోగమిచ్చి, బంతి చేతికిచ్చి నిలబెట్టినది.

ఆ జట్టునకు శిక్షకుడు సయ్యదు అబ్దుల్ రహీముగారు. అందరును ఆయనను రహీం సాహెబు అని పిలిచెడివారు. ఆయన 1909లో హైదరాబాదులో జన్మించిరి; ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివిరి; కాచిగూడ, చాదర్‌ఘాటు మొదలగు చోట్ల బడులలో ఉపాధ్యాయులుగా పనిచేసిరి. 1943 నుండి హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శిగా నుండిరి. 1950లో నగర పోలీసు జట్టు శిక్షణ భారమును వహించి, 1963లో మరణించువరకు దానిని విడువలేదు. బడిపంతులుకు అలవాటైన ఓపికయు, పిల్లవాని లోపమును కనిపెట్టు చూపును ఆయన బరిలోనికి తెచ్చిరి. అదియే ఆయన పెట్టుబడి.

ఆయన పద్ధతి యెట్టిదో కొంచెము వివరముగ చెప్పవలసియున్నది. ఏలననగా శిక్షణ యనగా తెల్లవారుజామున పరుగెత్తించుట మాత్రమే యని పలువురు తలంతురు. రహీం సాహెబు అట్లు తలంపలేదు. మన ఆటగాండ్రకు బంతిని కాలితో నెట్టుకొనుచు ఒంటరిగా దూసికొనిపోవుటయందు మక్కువ ఎక్కువ. అది చూపరులకు ఇంపుగా నుండును గాని, తోడివాడు ఖాళీగా నిలిచియుండగా బంతి శత్రువు పాలగుచుండును. దీనిని మాన్పుటకు ఆయన కుర్రవాండ్రకు ప్రత్యేకమైన పోటీలు పెట్టిరి. ఆ పోటీలలో బంతిని ఒంటరిగా నెట్టుకొనిపోరాదు. అందినవెంటనే తోడివానికి అందింపవలెను. మరికొన్ని పోటీలలో వాటముగాని కాలితో మాత్రమే తన్నవలెను. కుడికాలివాడు ఎడమకాలితోను, ఎడమకాలివాడు కుడికాలితోను ఆడవలెనన్నమాట. ఎడ్లలో వెలపటిదానిని దాపటను, దాపటిదానిని వెలపటను కట్టి అలవాటుచేయు రైతునకు ఈ కిటుకు వెంటనే బోధపడును. రెండు ప్రక్కల నడువనేర్చిన ఎద్దునకు విలువ ఎక్కువ గదా!

ఇట్టి శిక్షణచే ఆటగానికి క్రొత్తకాలు మొలవదు. ఉన్నకాలే రెండింతలు పనిచేయును. ఇదియే గ్రహింపవలసిన మర్మము.

రహీం సాహెబు భారతజట్టునకును శిక్షకులైరి. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో మనకు స్వర్ణపతకము లభించెను. మరుసటి యేడు హెల్సింకి ఒలింపిక్సులో యుగోస్లావియా జట్టు మనవారిని 10–1 తేడాతో ఓడించెను. మనవారిలో పెక్కుమంది అప్పటికి చెప్పులు లేని కాళ్లతోనే ఆడిరి. ఆ చలిలో, ఆ తడినేలమీద, బూట్లు తొడిగిన శత్రువు నెదుట ఆ పద్ధతి సాగదని తేలిపోయెను. ఆ పిమ్మట బూట్లు తప్పనిసరి చేయబడెను. ఒక్క ఓటమి నేర్పిన పాఠమును రహీం సాహెబు వ్యర్థము కానీయలేదు. 1953లో హంగరీ జట్టు ఇంగ్లండును లండనులోనే 6–3 తేడాతో ఓడించినపుడు, ముందువరుసలోని నడిమి ఆటగానిని కొంచెము వెనుకకు దించి శత్రువును తికమకపెట్టెను. ఆ ఎత్తుగడను ఆయన మన జట్టునకు నేర్పిరి. 1956లో మెల్బోర్ను ఒలింపిక్సులో మనవారు ఆస్ట్రేలియాను 4–2 తేడాతో ఓడించి, తుదకు నాలుగవ స్థానమును పొందిరి. ఆ జట్టులో అజీజుద్దీను, నూర్ మహమ్మదు, అహమ్మదు హుస్సేను, జుల్ఫికరుద్దీను, తులసీదాసు బలరాము మొదలగు హైదరాబాదువారు ఉండిరి.

ఇక బదిలీల సంగతికి వత్తము. ఆ కాలమున కాలిబంతికి రాజధాని కలకత్తా. మోహన బగాను, ఈస్టు బెంగాలు, మహమ్మదన్ స్పోర్టింగు అను మూడు జట్లకు అచట లక్షలాది అభిమానులు కలరు. 1934 నుండి 1938 వరకు మహమ్మదన్ జట్టు వరుసగా అయిదుసార్లు కలకత్తా లీగు గెలిచినది. దేశపు నలుమూలలనుండి ఆటగాండ్రను రప్పించియే ఆ పని సాధించినది. 1949 మొదలు ఈస్టు బెంగాలు జట్టు ముందువరుసలో ఆడిన సాలె, అప్పారావు, ధనరాజు, అహమ్మదుఖాను, వెంకటేశు అనువారిని పంచపాండవులని ప్రజలు పిలిచిరి. వీరును దక్షిణదేశమునుండి వెళ్లినవారే. బదిలీల ఋతువు వచ్చినదనిన చాలు, కలకత్తాలో కోలాహలము చెలరేగెడిది. ఆటగాడు స్వయముగా సంఘము కచేరికి పోయి చేవ్రాలు చేయవలెను. అంతవరకు అతనిని ఎదుటిజట్టువారు ఎత్తుకొనిపోకుండ రహస్యపుటిండ్లలో దాచియుంచుటయు కలదు. పెండ్లికొడుకునకును ఇంత కాపలా ఉండదు!

ఈ పిలుపు హైదరాబాదునకు వచ్చుటలో ఆశ్చర్యమేమున్నది? సికిందరాబాదు చెంత అమ్ముగూడలో పెరిగిన బలరామును చూడుడు. బీదకుటుంబపు బిడ్డ. ఆటకై నగరమునకు వచ్చి పోవుటకును చేతిలో డబ్బు లేనివాడు. రహీం సాహెబు అతనిలోని నేర్పును కనిపెట్టి, సైకిలు బాడుగకు తామే సొమ్మిచ్చి రప్పించిరి. ఇరువది యేండ్లు నిండిన నాటికి ఆ పిల్లవాడు ఒలింపిక్సులో ఆడెను. 1957లో ఈస్టు బెంగాలు జట్టునకు వెళ్లెను. 1961లో దానికి నాయకుడై కలకత్తా లీగు గెలిపించెను. అతడు వెళ్లుట తప్పని యెవరనగలరు? ప్రతిభకు వెల దొరకుచోటికి బీదవాడు పోవుట న్యాయమే.

ఇప్పుడు ఒక విశేషమును గమనింపుడు. బలరాము నగరమును విడిచిన ఆ 1957వ సంవత్సరముననే హైదరాబాదు నగర పోలీసుజట్టు డ్యూరండు కప్పును, రోవర్సు కప్పును రెంటిని గెలిచినది. డ్యూరండు తుదిపోటీలో ఓడినది సాక్షాత్తు ఈస్టు బెంగాలు జట్టే! రాష్ట్రముల నడుమ జరుగు సంతోషు ట్రోఫీ కూడ 1956–57, 1957–58 సంవత్సరములలో వరుసగా రెండుసార్లు హైదరాబాదునకే వచ్చెను. ఒక మేలైన ఆటగాడు పోయినను నగరమునకు కొరత కలుగలేదు. ఎందుచేత? మిర్యాలగూడ వరిపొలముల నెరిగిన మీకు వేరుగ చెప్పనక్కరలేదు. నారుమడి పచ్చగా నున్నంతకాలము పొరుగువానికి నాలుగు కట్టలు ఇచ్చినను మన పొలము బీడుపడదు.

1962లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలకు రహీం సాహెబు కేన్సరు వ్యాధితో బాధపడుచునే జట్టును కొనిపోయిరి. మొదట దక్షిణకొరియా చేతిలో 2–0 తేడాతో ఓడిరి. వెనుకవరుసలో కాపుగానుండు జర్నైలుసింగునకు తలకు గాయమై కుట్లు పడెను. మరియొకడైనచో అతనిని కూర్చుండబెట్టియుండును. రహీం సాహెబు అతనిని ముందువరుసకు మార్చిరి. సెప్టెంబరు 4వ తేదీన తుదిపోటీలో ఆ దక్షిణకొరియానే మనవారు 2–1 తేడాతో ఓడించిరి. ఒక గోలు ప్రదీపుకుమారు బెనర్జీ, రెండవది జర్నైలుసింగు కొట్టిరి. క్రొత్తవానిని తేలేదు, ఉన్నవానికి తగినచోటు చూపిరి. ఆ జట్టులో బలరాముతోపాటు హైదరాబాదీయుడగు యూసుఫుఖానును ఆడెను. తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, రహీం సాహెబు పరమపదించిరి.

తరువాత జరిగినది విచారకరమే. ఆయన వేసిన చాలులో కొంతకాలము పంట పండెను. 1965–66లో సంతోషు ట్రోఫీ ఆంధ్రప్రదేశమునకు వచ్చినది. ఆ పిమ్మట మరల ఆ రాష్ట్రమునకు దక్కలేదు. 1966లో నయీముద్దీను, మహమ్మదు హబీబు ఈస్టు బెంగాలు జట్టులో చేరిరి. నయీముద్దీను నాయకత్వమున 1970లో బాంకాకులో భారతజట్టు కాంస్యపతకము గెలిచెను. హబీబు 1977లో కలకత్తాలో పీలే ఆడిన న్యూయార్కు కాస్మోసు జట్టుపై మోహన బగాను పక్షమున గోలు కొట్టెను. షబ్బీరు ఆలీ, విక్టరు అమలరాజు మొదలగువారును ఈ గడ్డనుండియే కలకత్తాకు పోయి కీర్తి గడించిరి. పోవువారు పోవుచునే యుండిరి; కాని వెనుక నారు పోయువాడు లేకపోయెను. అమ్మకము నిలువలేదు, పెంపకము నిలిచిపోయెను. నగరము క్రమముగా ఆటగాండ్రనిచ్చు ఊరన్న పేరును పోగొట్టుకొనెను.

ఇందుకు మారుకథ యొకటి ఇటీవల నడచినది. 2019లో హైదరాబాదు పేరుతో వృత్తిజట్టు ఒకటి ఏర్పడెను. అనేక ప్రాంతములనుండియు విదేశములనుండియు ఆటగాండ్రు వచ్చిరి; స్పెయినుదేశపు శిక్షకుడు మనోలో మార్కెజు వారిని చక్కగా తీర్చిదిద్దెను. 2022 మార్చిలో ఆ జట్టు ఇండియన్ సూపర్ లీగు గెలిచెను. అంతవరకు సంతోషమే. కాని 2025లో ఆ జట్టే ఢిల్లీకి తరలిపోయి పేరు మార్చుకొనెను. ఆటగాడు బదిలీయగుట విన్నాము. జట్టునకు జట్టే బదిలీయగుట ఇప్పుడు చూచితిమి. వేరు లేని చెట్టును ఎచటికైనను మోయవచ్చును గదా!

కావున పడుచువాండ్ర తగవునకు తీర్పు ఇట్లు చెప్పవచ్చును. బదిలీ పాపము కాదు. అది లేనియెడల బలరామునకు అంతటి వేదిక దొరకియుండదు. కాని బదిలీవలన నేర్పు ఒకచోటునుండి మరియొకచోటికి మారును, క్రొత్తగా పుట్టదు. శిక్షణవలననే పుట్టును. కొనగలవాడు ఒక సంవత్సరము గెలుచును; పెంచగలవాడు ఒక తరమును గెలిపించును.

రహీం సాహెబు కథ 2024లో మైదాన్ అను పేర హిందీ చలనచిత్రముగ వెలువడినది. చిత్రము చూచి చప్పట్లు కొట్టుట సులభము. ఊరిపెద్దలైన మీ చేతిలో అంతకంటె ఉపయోగకరమైన పని యొకటి కలదు. బడిప్రక్కనున్న ఖాళీస్థలము ఆక్రమణపాలు గాకుండ కాపాడుడు. ఆటలు నేర్పగోరు ఉపాధ్యాయుని, చదువు చెడగొట్టుచున్నాడని నిందింపక, గౌరవింపుడు. సైకిలు బాడుగ లేక నిలిచిపోవు పిల్లవాడు మీ ఊరిలో నున్నాడేమో విచారింపుడు. భారతదేశమునకు ఆసియా స్వర్ణము తెచ్చినది కోట్ల ధనము కాదు. హైదరాబాదు బడిపంతులొకని ఓపిక.