దారుల్ తర్జుమా నుంచి పారిస్ దాకా

ఉర్దూ మీడియం బడిలో పిల్లల్ని చేర్చడానికి వచ్చే తండ్రులు మమ్మల్ని ఏటా ఒకటే అడుగుతారు: "మాస్టర్ సాబ్, ఉర్దూలో చదివితే మా వాడు బయటి దేశం పోగలడా?" కడపలోనూ ఇదే మాట, కర్నూలులోనూ ఇదే మాట. జవాబు కోసం కాస్త వెనక్కి పోదాం.

1917లో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఫర్మానా ఇచ్చారు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఆ కాలంలో యూనివర్శిటీ చదువంటే ఇంగ్లీషు చదువే. అక్కడ మాత్రం గణితం, న్యాయం, వైద్యం కూడా ఉర్దూలోనే చెప్పారు. పుస్తకాలేవీ అంటారా? అందుకే దారుల్ తర్జుమా అనే అనువాద శాఖను ముందే పెట్టారు. ప్రపంచ విజ్ఞానాన్ని ఇంటి భాషలోకి దించుకోవడమే ఆ విశ్వవిద్యాలయం సంస్కృతి. పరిభాష కోసం పండితుల సంఘాలు కూర్చుని ఒక్కొక్క పదం తేల్చేవి.

మరి అక్కడ చదివినవారు బావిలో కప్పలైనారా? కాలేదు. రజీవుద్దీన్ సిద్దీఖీ కేంబ్రిడ్జికి, లైప్‌జిగ్‌కు పోయి గణితంలో పేరు తెచ్చుకున్నారు. హమీదుల్లా సాహెబు బాన్, పారిస్ విశ్వవిద్యాలయాల్లో డాక్టరేట్లు పొంది, తర్వాత ఖుర్ఆన్‌ను ఫ్రెంచిలోకి అనువదించారు. కారణం ఒకటుంది, మనవాళ్ళు మరచిపోతారు: ఉస్మానియాలో ఇంగ్లీషు తప్పనిసరి పాఠ్యాంశం. తలుపు మూయలేదన్నమాట.

లోపం కూడా చెప్పుకోవాలి. సంస్థానంలో ఎక్కువమంది మాతృభాష తెలుగు, మరాఠీ, కన్నడం. వారికి ఉర్దూ కూడా పరాయిదే. 1938లో హాస్టళ్ళలో వందేమాతరం పాడినందుకు విద్యార్థులను వెళ్ళగొట్టారు. వారిలో పలువురికి నాగపూరు చోటిచ్చింది. పారిస్‌తో సంబంధం పెట్టుకున్న చదువు పక్క గది కుర్రవాడితో పెట్టుకోలేకపోయింది. ఇది మమ్మల్ని ఇప్పటికీ బాధిస్తుంది. 1948 తర్వాత బోధన ఇంగ్లీషులోకి మారింది.

ఇక మన కర్నూలు. 1839లో నవాబీ పోయి ఇంగ్లీషువారి చేతికి వచ్చిన ఊరు; పెద్ద చదువంటే మద్రాసు రైలెక్కాల్సిందే. ఈ ఊరి బిడ్డ డాక్టర్ అబ్దుల్ హక్ సాహెబు ఆక్స్‌ఫర్డు దాకా పోయి చదివారు. పోయినవారు అక్కడే ఆగలేదు. 1947లో ఇక్కడ ఉస్మానియా కాలేజీ నెలకొల్పారు. 2016లో ఆయన పేరిటే కర్నూలులో ఉర్దూ విశ్వవిద్యాలయం వచ్చింది. పేరు వచ్చింది సరే, దారుల్ తర్జుమా లాంటి పని ఎవరు చేస్తారని మా వంటి పంతుళ్ళం ఎదురుచూస్తున్నాము.

మొన్న అడిగిన తండ్రికి మేము హమీదుల్లా సాహెబు కథ చెప్పాము. మీ వాణ్ణి ఇంగ్లీషు పీరియడు ఎగ్గొట్టనివ్వద్దు భాయ్ అని కూడా చెప్పాము.