గ్రహణి నెఱిగిన ఇంటినుండి వచ్చిన మందు

బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతముల పెద్దలారా! గ్రహణి యను మాట మీ రెఱిగినదే. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరు లిద్దఱు అట్టి ప్రేగురోగముననే గతించిరి. ఆయనయు దానిపాలై బ్రతికి బయటపడిరి.

1940లో ఆయన అమెరికాలోని లెడర్లీ సంస్థలో చేరిరి. 1945లో ఆయన బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా సిద్ధపఱచెను. అది గ్రహణివంటి స్ప్రూ రోగమునకు మేలొనర్చెను. ఆ యామ్లమును బోలియుండి దాని పని నడ్డగించు మెథోట్రెక్సేటును ఆ ప్రయోగశాలలోనిదే. మొదట అది రక్తపు క్యాన్సరునకు మందు. అల్పమాత్రలో కీళ్లవాపును తగ్గించునని పిమ్మట తేలెను. 1948లో గతించిన సుబ్బారావుగా రది చూడలేదు.

కీళ్లవాపు నణచునది ప్రేగువాపు నణచదా యని వైద్యులు విచారించిరి. క్రోన్స్ వ్యాధి గ్రహణికి వేఱు. అందు ప్రేగులు వాచి పుండ్లుపడును. 1995లో ప్రకటితమైన పరీక్షలో, స్టెరాయిడ్లు మానలేని 141 మంది రోగులుండిరి. వారమున కొకమాఱు 25 మిల్లీగ్రాముల సూదిమందు పొందినవారిలో, 16 వారములకు నూటికి 39 మంది స్టెరాయిడ్లు మాని నెమ్మదించిరి. వట్టిసూది పొందినవారిలో 19 మందియే.

నేను వైద్యుడను గాను, బడిపంతులను. ఐనను ఒక్క మాట చెప్పుదును. వారమున కొకమాఱు పుచ్చుకొనవలసిన దీనిని దినదినము మ్రింగి ప్రాణములు గోల్పోయినవారు కలరు. గర్భిణుల కిది నిషిద్ధము. దీని బాధలు తగ్గుటకై వైద్యులు ఫోలిక్ ఆమ్లమునే తోడిత్తురు. మీ యింట నీ మందు వాడువారున్నచో, పుచ్చుకొనవలసిన వారము పేరు గోడపై పెద్దయక్షరములతో వ్రాసియుంచుడు.