గుడ్ ఫ్రైడే: సిలువపై ఏడు మాటలు.. శ్రమల్లో ‘సమాధానం’ అంటే ఏంటి?

గుడ్ ఫ్రైడే రోజు మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల వరకు ఆరాధన. తెలుగు రాష్ట్రాల్లోని చాలా చర్చిల్లో ఇదే పద్ధతి. యేసుక్రీస్తు సిలువపై పలికిన ఏడు మాటలను ఒక్కొక్కటిగా ధ్యానిస్తారు. కొన్నిచోట్ల ఏడు మాటలకు ఏడుగురు ప్రసంగిస్తారు. బయట ఎండ, లోపల కిక్కిరిసిన జనం, చాలామంది ఉపవాసం.. అయినా మూడు గంటలూ కదలరు.

ఆ టైమే ఎందుకంటే.. మధ్యాహ్నం నుంచి మూడింటి దాకా చీకటి కమ్మిందని సువార్తలు చెబుతాయి. ఈ ఆరాధనను 17వ శతాబ్దం చివర్లో పెరూలోని లిమాలో జెసూట్ గురువు అలోన్సో మెసియా మొదలుపెట్టారని అంటారు. తర్వాత ప్రొటెస్టెంట్లూ అందిపుచ్చుకున్నారు. ఏడు మాటలూ ఒకే చోట దొరకవు. లూకాలో మూడు, యోహానులో మూడు, మిగిలిన ఒక్కటి మత్తయి, మార్కుల్లో ఉంటాయి.

సమాధానం అంటే జవాబు కాదు

చర్చికి కొత్తగా వెళ్లినవాళ్లు తికమకపడే మాట ఇది. తెలుగు బైబిల్లో ‘సమాధానం’ అంటే శాంతి. మనకు అది దక్కడానికి పడాల్సిన శిక్ష మరొకరి మీద పడిందని యెషయా 53వ అధ్యాయం చెబుతుంది. ఆ ఒకరు యేసే అన్నది క్రైస్తవుల విశ్వాసం. అంటే ఇది కళ్లు మూసుకుంటే వచ్చే ప్రశాంతత కాదు. దేవుడితో తెగిన బంధం మళ్లీ కలవడం.

అన్నిటికన్నా కష్టమైనది నాలుగో మాట. దేవుడు తనను విడిచిపెట్టాడన్న కేక అది. 22వ కీర్తన కూడా ఆ కేకతోనే మొదలవుతుంది. బిడ్డను పోగొట్టుకున్నవాళ్లు, ఆస్పత్రి బెడ్ మీద ఉన్నవాళ్లు పట్టుకునేది ఈ మాటనే. ‘దేవుడా, ఎక్కడున్నావ్’ అని అడగడం అవిశ్వాసం కాదని వాళ్లకు అర్థమవుతుంది.

అయితే ఇంట్లో దెబ్బలు తింటున్న మనిషికి ‘భరించు, అదే భక్తి’ అని చెప్పడానికి సిలువను వాడితే మాత్రం తప్పే. మూడో మాటలో, అంత బాధలోనూ యేసు తల్లిని శిష్యుడికి అప్పగించారు. ఆమెకు ఓ ఆసరా చూపించారు.

తలుపులు వేసుకుని భయపడుతున్న శిష్యులకు ఆయన సమాధానం చెప్పి, గాయాలు చూపించడం ఈస్టర్ సంగతి. శుక్రవారం ప్రసంగాలు సాధారణంగా అక్కడిదాకా వెళ్లవు. ఏడో మాట, ప్రార్థన, అంతే. జనం పెద్దగా మాట్లాడుకోకుండానే బయటికొస్తారు.