ఐదు వేల రూపాయల మూట

నీలం నగర్‌లో మగ్గాల చప్పుడు మధ్య పెరిగినవాణ్ణి. మా పేటలో ఎవరికే కష్టమొచ్చినా పెద్దలు మొదట అడిగేది "సంఘం పెట్టుకున్నారా?" అనే. బీడీలు చుట్టే ఆడవాళ్లు సహకార సంఘంగా కూడి, ఏళ్ల తరబడి ప్రభుత్వం వెంటపడి, 2006 నాటికి కుంభారి దగ్గర పదివేల ఇళ్లు కట్టించుకున్న ఊరు మాది. కాని ఒళ్లమ్ముకునే బతుకులోంచి బయటపడాలనుకునే స్త్రీ ప్రస్తావన వచ్చినప్పుడు మాత్రం ఆ ప్రశ్న ఎవరి నోటా రాదు. "ఎవరైనా పుణ్యాత్ములు చేరదీయాలి" అంటారు. చేరదీసేవారు వేరు, చేరేవారు వేరు అన్న ఈ లెక్క ఎక్కడినుంచి వచ్చిందో వెతుక్కుంటూ పోతే కాకినాడ తగిలింది.

1921 ఏప్రిల్ 2. గాంధీ గారు కాకినాడ వస్తున్నారు. అప్పటికి పన్నెండేళ్లు కూడా నిండని దుర్గాబాయికి ఒక పట్టుదల కలిగింది. ఊళ్లోని దేవదాసీలూ, ఘోషాలో ఉండే ముస్లిం స్త్రీలూ ఆయన మాట వినాలి. నిర్వాహకులను అడిగితే, ఐదు వేల రూపాయలు పోగుచేస్తే ఐదు నిమిషాలు ఇప్పిస్తామన్నారు. అది పిల్ల నోరు మూయించడానికి అన్నమాటే అయివుంటుంది. దేవదాసీలు వారం తిరగకముందే ఆ సొమ్ము సమకూర్చారు. ఐదు నిమిషాలకని వచ్చిన గాంధీ అరగంట మాట్లాడారు. స్త్రీలు గాజులూ గొలుసులూ తీసి ఆయన ముందు కుప్పపోశారు. వాటి విలువ పాతికవేల దాకా ఉంటుందని దుర్గాబాయి తన ఆత్మకథలో రాసుకున్నారు. అదే ఏడు సెప్టెంబరులో గాంధీ తన 'యంగ్ ఇండియా'లో కాకినాడ, బరిసాల్ స్త్రీల గురించి రాస్తూ పెట్టిన శీర్షికకు తెలుగు చెప్పుకుంటే 'మన పతిత సోదరీమణులు' అవుతుంది. ఇచ్చింది వాళ్లు, పతితలూ వాళ్లే!

ఈ సంగతి చదివి వినిపిస్తే, నలభై ఏళ్లు బీడీలు చుట్టిన మా చిన్నమ్మ చేతిలోని చాట పక్కన పెట్టి, "గట్లయితె చందా గట్టింది వాళ్లే గదా, మరి మెంబర్లు ఎందుకు గాలె?" అంది.

మెంబర్లు కాకపోవడం అంతకు ముందునుంచే ఉంది. వీరేశలింగం గారు సానిమేళాల మీద కత్తి గట్టారు. 1893లో మద్రాసు సంస్కర్తలు వైస్రాయికీ గవర్నరుకూ విజ్ఞాపన పంపారు. ఆ మేళాలు మానేస్తే ఆ స్త్రీలు ఏం తిని బతకాలన్నది అందులో ఎవరికీ పట్టినట్టు లేదు. 1927లో ముత్తులక్ష్మీ రెడ్డి గారు మద్రాసు శాసనమండలిలో దేవదాసీ వ్యవస్థపై తీర్మానం తెచ్చినప్పుడు మాత్రం వాళ్లే గొంతు విప్పారు, కాని ఒక్క గొంతుతో కాదు. బెంగళూరు నాగరత్నమ్మ వంటివారు, మా కళనూ ఆస్తినీ లాక్కుని మమ్మల్ని వేశ్యలుగా ముద్ర వేయవద్దని ప్రభుత్వానికి మొర పెట్టుకున్నారు. అదే కళావంతుల కులంలో పుట్టిన యామినీ పూర్ణతిలకం గారు ఎదుటి పక్షాన నిలబడ్డారు. ఊరికే నిలబడలేదు, మద్రాసులో హిందూ యువతీ శరణాలయం నడిపారు. బయటికొచ్చిన ఆడపిల్లకు తలుపు తీసిన మనిషి ఆ గడప దాటి వచ్చినామే కావడం చిన్న విషయం కాదు. అయినా మన సంస్కరణ చరిత్రల్లో ఆమెకు దక్కింది ఒకటి రెండు వాక్యాలు. నాగరత్నమ్మ వాదంలోనూ న్యాయం ఉందనే నాకనిపిస్తుంది. బతుకుతెరువు చూపకుండా వృత్తి మాన్పించే చట్టం సగం చట్టమే.

చట్టాలు వచ్చాయి. బొంబాయి రాష్ట్రానికి 1934లో, మద్రాసుకు 1947లో. మా తాతలు మగ్గం మోసుకుని వచ్చిన తెలంగాణకు 1988 దాకా ఆగవలసి వచ్చింది. ఆ చట్టానికి అటూఇటూగా నిజామాబాద్ జిల్లా వర్నిలో జాషువా గారి అమ్మాయి హేమలతా లవణం 'చెల్లి నిలయం' పెట్టి జోగినుల మధ్య పనిచేశారు. జోగినులకు పెళ్లి చేస్తే చాలు, అంతా సర్దుకుంటుందని అధికారులు నమ్మిన రోజులవి. తరువాత మహబూబ్‌నగర్ పల్లెల్లో ఒకప్పటి జోగినులే ముందు నడిచి, జోగిని వ్యవస్థ వ్యతిరేక పోరాట సంఘంగా కూడారు. ఊరి పెద్దలు ముహూర్తం పెట్టిన చోటికి వెళ్లి అడ్డుపడ్డారు. ఆ ముడి ఎలా పడుతుందో తెలిసినవాళ్లకే దాన్ని ఎక్కడ పట్టుకుని విప్పాలో తెలుస్తుంది.

పట్నాల్లో లైంగిక వ్యాపారంలో చిక్కిన స్త్రీల విషయానికి వస్తే, 1956 నాటి చట్టం రక్షణ గృహానికి పంపమంటుంది. ఒక ఏడాదికి తగ్గకుండా, మూడేళ్లకు మించకుండా. నేరం చేసినవాడు బెయిలు మీద తిరుగుతుంటాడు, రక్షింపబడినామె తాళం వెనక ఉంటుంది. 2022 మే 19న సుప్రీంకోర్టు, ఇష్టం లేకుండా అలా ఉంచిన వయోజన స్త్రీల లెక్క తీసి, వాళ్లను విడిచిపెట్టే ఏర్పాటు చేయమని రాష్ట్రాలకు చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో బయటపడిన స్త్రీలే 'విముక్తి' పేరుతో రాష్ట్రస్థాయి వేదికగా ఏర్పడ్డారు. 2019లో దేశమంతటి ఇలాంటి బృందాలు కలిసి పెట్టుకున్న 'ఇల్‌ఫాట్'లో వాళ్లూ ఉన్నారు. హోమ్‌లో కుట్టుమిషను నేర్పడంతో సరిపెట్టకండి, మా ఊళ్లో మా మధ్యనే వైద్యం, పరిహారం, పని ఇప్పించండి అన్నది వాళ్ల వాదన.

షోలాపూర్‌లోనూ ఒక సంఘం ఉంది, క్రాంతి మహిళా సంఘం. వృత్తిలో ఉన్న స్త్రీలే నడుపుకునేది. బయటికి రమ్మనడం దాని పని కాదు. హెచ్ఐవీ సోకిన స్త్రీలకు, ముఖ్యంగా గర్భిణులకు, తోడుగా ఆసుపత్రికి వెళ్లడం దాని పని. విముక్తి వాళ్లకూ వీళ్లకూ మాట కలవకపోవచ్చు. 1927లోనూ కలవలేదు.

మా పేటకు మిగిలిన పని చిన్నదే. తెలుగు నేల నుంచి ఇక్కడికి చేరి చిక్కుకుపోయిన ఆడమనిషికి పోలీసు ఠాణా కాగితం మరాఠీలో ఉంటుంది, సొంతూరి రేషన్ కార్డు తెలుగులో ఉంటుంది. ఆ రెంటినీ చదివి ఆమెకు విప్పి చెప్పగలవాళ్లు నీలం నగర్‌లో ఇంటికొకరు ఉన్నారు.