చేతిపెట్టెలో టకటకలు

"ఇల్లు మారినప్పుడల్లా ఈ ఇనుము మొయ్యలేక చస్తున్నాం" అని మావారు విసుక్కుంటారు. నా దగ్గరున్న పాత పోర్టబుల్ టైపురైటర్లు నాలుగంటే నాలుగే. అవే నాలుగు పట్టుచీరలైతే ఎంతయ్యేదో ఆయన లెక్క వేసుకోరు!

నిజానికి టైపురైటరుకూ మనకూ చుట్టరికం పాతదే. 1873లో షోల్స్ అనే ఆయన కనిపెట్టిన యంత్రాన్ని తయారుచెయ్యడానికి అమెరికాలో రెమింగ్టన్ వాళ్ళు ఒప్పుకున్నారు. వాళ్ళు తుపాకులతోబాటు కుట్టుమిషన్లూ చేసేవాళ్ళు. అందుకేనేమో, టైపురైటరుకు కూడా పువ్వులు చిత్రించి, కుట్టుమిషను బల్లలాంటిదాని మీద కూర్చోబెట్టారు. కాలితో తొక్కితే కాగితం బండి మొదటికి వచ్చేది.

చేత పట్టుకుపోయేవి తర్వాత వచ్చాయి. 1912 నాటి కరోనా మిషనును (భయపడకండి, ఇది వేరే కరోనా) మడిచి పెట్టెలో పెట్టుకోవచ్చు. కానీ మీటలు మూడే వరసలు, ఒక్కో మీటకు మూడేసి గుర్తులు. పెద్ద మిషను మీద నేర్చినవాళ్ళకు తడబాటే. 1920లో రెమింగ్టన్ పోర్టబుల్ నాలుగు వరసలతో వచ్చింది. పక్కనున్న మర తిప్పితే, పడుకున్న అక్షరాల కడ్డీలన్నీ ఒక్కసారి లేచి నిలబడతాయి.

నా నాలుగింటిలో పెద్దది అదే. మా చిత్తూరు చిన్నమ్మది.

చిన్నమ్మ ఇంగ్లీషు టైపులో లోయరు, హయ్యరు రెండూ ప్యాసయింది. అంటే నిమిషానికి ముప్పై మాటలు, ఆపైన నలభై అయిదు. పెళ్ళయిన మూడేళ్ళకే భర్త పోయాడు. ఆఫీసు ఉద్యోగమంటే తాత ససేమిరా అన్నాడు. కానీ ఆ తాతే మద్రాసు వెళ్ళి, మూర్ మార్కెట్లో బేరమాడి, ఈ పెట్టె పట్టుకొచ్చాడు. గడప దాటొద్దన్నదీ ఆయనే, దారి చూపిందీ ఆయనే. ఆ మార్కెట్టు 1985లో కాలిపోయింది.

వకీళ్ళ గుమాస్తాలు సాయంత్రం కాగితాలిచ్చి పోయేవారు. పోర్టబుల్ దెబ్బ తేలిక కదా, కార్బను పెడితే మూడో కాపీ వెలిసిపోయేది. అయిదు కాపీలు కావాలంటే చిన్నమ్మ అంతా మళ్ళీ కొట్టేది. కూలి మాత్రం ఒకసారికే! ఇద్దరు పిల్లల ఫీజులు అలాగే కట్టింది.

తెలుగు అర్జీలొస్తే మాత్రం చేత్తోనే రాసేది. 1966లో అధికార భాషా చట్టం వచ్చాక తెలుగు మిషన్ల అవసరం పెరిగింది గానీ, మన అక్షరం ఆ బండికి అంత సులువుగా లొంగేది కాదు. 'స్త్రీ' అనే ఒక్క అక్షరానికి స, గుడిదీర్ఘం, కింద తవొత్తు, రవొత్తు. బండిని కదలనివ్వని మీటలతో ఒకే జాగాలో అన్నీ పేర్చాలి. ఎంత సరైన ఉదాహరణ దొరికిందో చూడండి!

మన దేశంలో 1955లో టైపురైటర్లు చెయ్యడం మొదలుపెట్టిన గోద్రెజ్ వాళ్ళు 2009లో మానేశారు. రిబ్బను ఆరిపోతే ఇప్పుడు నేను స్టాంపు సిరా అద్దుకుంటున్నాను. వేళ్ళన్నీ నీలం.

మొన్న చిన్నమ్మకు ఆమె మిషను మీదే ఉత్తరం కొట్టి తీసుకెళ్ళాను. కళ్ళద్దాలు సర్దుకుని, కాగితాన్ని వెలుగుకు ఎత్తి పట్టుకుంది.

"ఏమ్మా, కామా తర్వాత జాగా వదల్లేదే?"