డికెన్స్ గారి షవరూ సోమవారం నీళ్లూ

మార్చి 11 ప్రపంచ ప్లంబింగ్ దినోత్సవం. 2010 నుంచి జరుపుతున్నారు గానీ మన క్యాలెండర్లలో దానికింకా చోటు దొరకలేదు. తేదీ మాత్రం మనల్ని చూసే పెట్టినట్టుంటుంది. ఎండలు ముదిరేదీ, బోర్లలో నీళ్లు అడుగంటేదీ, పై అంతస్తులో షవర్ తిప్పితే నాలుగు చుక్కలు రాలేదీ, ప్లంబర్ ఫోనెత్తడం మానేసేదీ ఆ రోజుల్లోనే.

తల మీద నీళ్లు పడేలా చేసుకోవాలన్న కోరిక చాలా పాతది. మొహెంజొదారో ఇళ్లలో ఇటుకలు పరిచిన స్నానపు గదులూ, వాడిన నీరు వీధి కాలువలోకి పోయే వాలూ ఉన్నాయి. క్రీస్తుపూర్వం 6వ శతాబ్దపు గ్రీకు కూజాల మీద, జంతువుల తలల్లా చెక్కిన తూముల కింద స్నానమాడుతున్న స్త్రీల బొమ్మలు కనిపిస్తాయి. ఇక మన గోల్కొండలో పర్షియన్ చక్రాలతో నీటిని అంచెలంచెలుగా కోట పైకెక్కించారు. అక్కడక్కడా తొట్లలో నింపి, మట్టి గొట్టాల్లో పంపించారు. నీటిని ముందు పైకెక్కించాలి, ఆ తర్వాత అదే దిగుతుంది. ఈ సంగతి కుతుబ్‌షాహీల పనివాళ్లకు తెలిసినంతగా మన అపార్ట్‌మెంట్ బిల్డర్లందరికీ తెలుసా అంటే అనుమానమే.

అక్కడినుంచి నేరుగా లండన్ పోవాలి. 1767లో విలియం ఫీథమ్ అనే పొయ్యిల తయారీదారు షవర్‌కు పేటెంటు తీసుకున్నాడు. చేతిపంపుతో నీటిని తలపైనున్న తొట్టిలోకి ఎక్కించుకోవాలి. గొలుసు లాగితే అది ఒక్కసారిగా నెత్తిన పడుతుంది. కింద చేరిన ఆ నీటినే మళ్లీ పైకి కొట్టుకోవాలి. వేడినీళ్ల మాటే లేదు. పొయ్యిలు చేసేవాడు చన్నీళ్ల షవర్ అమ్మడం ఆ శతాబ్దపు తమాషాల్లో ఒకటి. 1810 ప్రాంతంలో లోహపు గొట్టాలకు వెదురు బొంగుల రంగు వేసి, పది అడుగుల పైచిలుకు ఎత్తున నిలబెట్టిన సోకైన షవర్లూ వచ్చాయి. నీళ్లు మాత్రం పాతవే తిరిగేవి.

ఈ కథలో అసలు రుచి చార్లెస్ డికెన్స్‌ది. 1851లో ఆయన లండన్ బ్లూమ్స్‌బరీలోని టావిస్టాక్ హౌస్ అనే పెద్ద ఇల్లు లీజుకు తీసుకుని మరమ్మతులు మొదలుపెట్టించాడు. పర్యవేక్షణ బావగారిది. ఆయన, హెన్రీ ఆస్టిన్, మామూలు మనిషి కాదు. ఇంజినీరు, పైగా ప్రభుత్వ ఆరోగ్య బోర్డుకు కార్యదర్శి. అంత మనిషికి నవలాకారుడు స్నానాల గది గురించి ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. వేడినీళ్ల తొట్టి కుదిరితే కుదిరింది, లేకపోతే లేదు. చన్నీళ్ల షవర్ మాత్రం మేలురకందై ఉండాలి, అందులో నీటికి ఎన్నడూ లోటు రాకూడదు, అది లేనిదే తనకు బతుకు గడవదు అన్నాడు. ఆ గదిలోనే మరుగుదొడ్డి పెట్టెకూ చోటు చూపించారు. పొద్దున్నే దాని మొహం చూస్తూ రోజు మొదలుపెట్టేంత గుండె నిబ్బరం తనకు లేదని, కడుపు కూడా చెడుతుందేమోనని, మధ్యలో అడ్డు కట్టాల్సిందేనని పట్టుబట్టాడు. ‘బ్లీక్ హౌస్’ మొదలుపెట్టింది ఆ ఇంట్లో దిగాకే.

షవర్ వచ్చింది, అడ్డూ వచ్చింది. నీళ్లే రాలేదు.

ఆ ఇంటికి నీరిచ్చేది న్యూ రివర్ కంపెనీ. 1613లో హర్ట్‌ఫర్డ్‌షైర్ ఊటల నుంచి లండన్‌కు తవ్విన కాలువ వాళ్లది. దాదాపు రెండున్నర శతాబ్దాల అనుభవమున్న సంస్థ. అయితే అప్పట్లో లండన్‌లో గొట్టాల్లో నీళ్లు రోజంతా ఉండేవి కావు. ఏ పూటో కాసేపు వదిలితే ఇళ్లవాళ్లు తొట్లు నింపుకునేవారు. మన రోజు విడిచి రోజు నల్లాకు తాతగారన్నమాట. స్నానపు తొట్టి పేరుతో అదనపు రుసుము కడుతున్న డికెన్స్‌కు ఒళ్లు మండింది. కంపెనీకి ఓ ఉత్తరం దంచాడు. సోమవారం పొద్దున చూస్తే అసలు న్యూ రివర్ కంపెనీ అనేదే భూమ్మీద లేనట్టు తన ఇల్లు ఎండిపోయి ఉంటోందనీ, నిజంగానే అది లేకపోతే బాగుండునని అప్పుడప్పుడూ మనసారా కోరుకుంటున్నాననీ దాని సారాంశం. నీటి బోర్డులకు మనవాళ్లు రాసే అర్జీల్లో ‘గౌరవనీయులైన’ ఎక్కువ, ఉప్పూకారం తక్కువ. డికెన్స్ ఉత్తరం ఒకసారి చదివితే మంచిది.

ఆయన షవర్‌లో లోపం లేదు. బావగారి పనిలోనూ లేదు. తేడా అంతా గొట్టానికి అవతలి కొసనే.

తర్వాతి ముచ్చట్లు త్వరగా చెప్పుకోవచ్చు. 1870ల్లో ఫ్రాన్స్‌లోని రువాన్ జైల్లో డాక్టర్ మెర్రీ దెలబోస్త్ ఖైదీలకు తొట్టి స్నానం మాన్పించి షవర్లు పెట్టించాడు. తక్కువ నీళ్లతో, తక్కువ సమయంలో ఎక్కువమంది శుభ్రపడ్డారు. హైదరాబాద్‌లో 1908 మూసీ వరద తర్వాత 1920లో ఉస్మాన్‌సాగర్ (అదే గండిపేట), 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. గండిపేట నీళ్లు మోటారు అక్కర్లేకుండా వాలు మీదే ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్లకు చేరేవి. ఆ తర్వాత మంజీరా, కృష్ణా, గోదావరి. ఆ తర్వాత సందుకో బోరు, ట్యాంకరు, సంపు, మిద్దె మీద నల్ల ట్యాంకు. ఇక్కడికొచ్చేసరికి చరిత్ర ఒక దారిన నడవడం మానేస్తుంది. ఒకే బిల్డింగులో కింద ఫ్లాటువాళ్లకు షవర్ చురుక్కున తగులుతుంది, పై ఫ్లాటువాళ్లు దాని కింద బకెట్ పెట్టుకుని కూర్చుంటారు.

కారణం లెక్కలోనే ఉంది. పది మీటర్ల ఎత్తున్న నీటికి సుమారు ఒక బార్ ఒత్తిడి. షవర్ కంటే ట్యాంకు రెండు మీటర్లే పైనుంటే దక్కేది 0.2 బార్. షోరూములో ముచ్చటపడి కొన్న వెడల్పాటి రెయిన్ షవర్‌కు అది ఏ మూలకూ చాలదు. ట్యాంకునైనా ఎత్తు చెయ్యాలి, ప్రెషర్ పంపైనా బిగించాలి. షవర్ మార్చి లాభం లేదు.

రెండో శత్రువు బోరు నీళ్లలోని సున్నం. భారత ప్రమాణాల ప్రకారం తాగునీటి కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే దిక్కు లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. నీరు వేడెక్కేకొద్దీ సున్నం గడ్డకట్టి పేరుకుంటుంది. అందుకే గీజరు కాయిల్‌కు తెల్లటి పెచ్చులు కడతాయి. చన్నీళ్లు జోరుగా వచ్చి వేడినీళ్లే సన్నగా వస్తుంటే చూడాల్సింది గీజరునీ, దాని వాల్వునీ. థర్మోస్టాట్ తగ్గించి పెడితే పెచ్చు నెమ్మదిస్తుంది. షవర్ రంధ్రాల్లో చేరిన సున్నానికి ఖరీదైన మందులేం అక్కర్లేదు. తల విప్పి, లోపలి జాలీ తీసి, కాసేపు వెనిగర్‌లోనో నిమ్మఉప్పు నీళ్లలోనో నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే చాలు. మూసినా చుక్కచుక్క కారే పాత కుళాయికి కావలసింది వాషరు ముక్క.

ప్లంబర్‌కు ఫోను చేసే ముందు పాఠకులు ఒక్క పని చెయ్యండి. షవర్ తల విప్పేసి, ఉత్త గొట్టంతో నీళ్లు వదలండి. ధారగా దూకితే జబ్బు షవర్‌ది, వెనిగర్ సీసా తీయండి. అప్పుడూ సన్నగానే వస్తే స్టూలు దిగి, మిద్దెక్కి, ట్యాంకు వాల్వు పూర్తిగా తెరిచి ఉందో లేదో చూసి రండి.